ఎర్ర అక్షరం, పచ్చ అక్షరం

రాత్రిపూట ఒక ఓడ సముద్రం మీంచి విశాఖపట్నం రేవులోకి వస్తోందనుకోండి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ చీకట్లో నల్లటి ముద్దలా కనిపిస్తుంది. ఆ కొండను ఆనుకునే లోపలి రేవుకు పోయే కాలువ ఉంది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ ఆ కాలువ గుండానే లోపలికి వచ్చి, ఈ రేవు వ్యాపారానికి తెరతీసింది. ఊళ్ళోని రోడ్డు మీద లారీ దారి తప్పితే ఆపి ఎవరినైనా అడగవచ్చు. వేల టన్నుల ఓడకు ఆ వీలు లేదు. అడిగేలోపలే అది నేలకు తగులుకుంటుంది.

అందుకని నీటి దారికి అటూ ఇటూ గుర్తులు పెడతారు. అడుగున లంగరు వేసి కట్టిన తేలే పీపాలవి. వాటిని బోయాలంటారు. మన దేశంలో ఉన్న నియమం ప్రకారం, సముద్రం మీంచి రేవులోకి వచ్చే ఓడకు ఎడమ చేతి వైపు ఎర్ర బోయాలు, కుడి చేతి వైపు ఆకుపచ్చ బోయాలు ఉండాలి. రాత్రి వాటి దీపాలు కూడా ఆ రంగులోనే వెలుగుతాయి. ఓడకు కూడా ఇలాంటి దీపాలే ఉంటాయి: ఎడమ పక్క ఎర్రది, కుడి పక్క పచ్చది. దూరాన చీకట్లో ఒక ఓడ ఎర్ర దీపం మాత్రమే కనిపిస్తే, మనకు దాని ఎడమ పక్క కనిపిస్తోందన్నమాట. ఒక్క మాట రాయకుండా, ఒక్క మాట పలకకుండా, రంగే ఇంత సంగతి చెప్పేస్తోంది.

ఇప్పుడు ఓడ దిగి బడికి రండి.

మీ తరగతి వాళ్ళు ఆ రేవును చూడటానికి వెళుతున్నారు. రెండు బస్సులు. ఎవరు ఏ బస్సులో ఎక్కాలో నోటీసు తయారుచేసే పని మీకప్పగించారు. మీరు కంప్యూటరు ముందు కూర్చుని, అందరి పేర్లూ టైపు చేసి, కొన్ని పేర్లు ఎర్రగా, కొన్ని పేర్లు ఆకుపచ్చగా మార్చారు. కింద ఇలా రాశారు: 'ఎర్ర పేర్లవారు మొదటి బస్సు, పచ్చ పేర్లవారు రెండో బస్సు.' చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ ఈ నోటీసు నమ్ముకుని ఒక కుర్రాడు వేరే బస్సెక్కే ప్రమాదం ఉంది. ఎందుకో తెలియాలంటే ముందు అక్షరానికి రంగు ఎక్కణ్ణించి వస్తుందో చూడాలి.

అక్షరానికి రంగు లేదు

సిరాతో రాసినప్పుడు అక్షరమూ రంగూ ఒక్కటే. సిరా ఎర్రదైతే అక్షరం ఎర్రది. కంప్యూటరులో అలా కాదు. దానికి 'అ' అంటే ఒక అంకె. ప్రపంచంలోని లిపులన్నింటికీ వరస సంఖ్యలు ఇచ్చే యూనికోడ్ అనే పట్టిక ఉంది. దాని మొదటి భాగం 1991లో వచ్చింది. తెలుగు అందులో మొదటి నుంచీ ఉంది. ఆ పట్టికలో అ సంఖ్య 3077, క సంఖ్య 3093. ఈ సంఖ్యలో రంగు లేదు, లావు లేదు, ఎత్తు లేదు. నల్ల 'క' అయినా ఎర్ర 'క' అయినా అది 3093 మాత్రమే.

మరి రంగు ఎక్కడుంది? పక్కన విడిగా రాసిపెట్టి ఉంటుంది. బైలదిల్లా గనుల నుంచి విశాఖ రేవుకు ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బళ్ళను చూసి ఉంటారు. సరుకు ఎవరిది, ఎక్కడికి పోవాలి అనే వివరం ఖనిజపు రాళ్ళ మీద చెక్కి ఉండదు గదా! అది కాగితాల మీద ఉంటుంది: 'ఫలానా పెట్టె నుంచి ఫలానా పెట్టె దాకా ఫలానా సరుకు' అని. వర్డ్ ప్రాసెసరు కూడా సరిగ్గా ఇలాగే అక్షరాల బండిని తుంపులు చేసుకుని, ఒక్కొక్క తుంపుకు ఒక చీటీ తగిలిస్తుంది. 'ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఎరుపు, ఫలానా ఫాంటు, ఫలానా సైజు' అని ఆ చీటీ మీద ఉంటుంది. ఈ తుంపును కంప్యూటరు వాళ్ళు 'రన్' అంటారు. మీరు ఒక మాట మీద మౌసు లాగి రంగు మార్చినప్పుడు అక్షరాలకేమీ కాదు; చీటీ మారుతుంది, అంతే.

ఇక్కడ మన తెలుగుకు ఒక చిక్కుంది. చిన్న తరగతులకు గుణింతం నేర్పే పంతులమ్మ ఒకావిడ 'కి' రాసి, అందులో గుడిని మాత్రం ఎర్రగా చూపించాలనుకుందనుకోండి. నల్లబల్ల మీద రంగు సుద్దముక్కతో అది క్షణంలో పని. వర్డ్ ప్రాసెసరులో ప్రయత్నించి చూడండి! మౌసుతో గుడిని మాత్రమే పట్టుకోబోతే సాధారణంగా 'కి' మొత్తం చేతికొస్తుంది.

ఎందుచేత? కంప్యూటరు దాచుకున్నవి రెండు సంఖ్యలు: క కు 3093, గుడికి 3135. తెర మీద గీసే వేళకు మాత్రం అది ఆ రెంటినీ కలిపి, ఫాంటులో ఉన్న 'కి' రూపాన్ని తీసుకుని ఒక్క బొమ్మగా గీస్తుంది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం వెనక ఆరు సంఖ్యలుంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. గీసేటప్పుడు ఆరూ కలిసిపోతాయి. అన్నం, పప్పు, నెయ్యి కలిపిన ముద్దలోంచి నెయ్యికి మాత్రం రంగు వేయమంటే ఎలా? బలవంతంగా మధ్యలో చీటీ మారిస్తే కొన్ని ప్రోగ్రాములు ముద్దను విడగొట్టేస్తాయి. 'క' ఒకచోట, చుక్కల సున్నా మీద కూర్చున్న గుడి ఇంకోచోట కనిపిస్తాయి. ఇంగ్లీషులో అక్షరాలు సాధారణంగా దేనికది విడిగా నిలబడతాయి గనక వాళ్ళకీ బాధ అంతగా తెలియదు. యూనికోడుకు ముందు వాడిన కొన్ని తెలుగు ఫాంట్లలో తలకట్లు, కొమ్ముల వంటివి విడివిడి ముక్కలుగా ఉండేవి. వాటిలో ముక్కకో రంగు వేసుకునే వీలుండేది. దానికి బదులుగా, ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ వ్యాసం తెరిస్తే అర్థంలేని గుర్తుల వరస కనిపించేది. నన్నడిగితే, గుడికి రంగు పోయినా ఫరవాలేదు, మాట నిలబడటం ముఖ్యం. అంతగా కావాలంటే ఇంక్‌స్కేప్ లాంటి బొమ్మలు గీసే ప్రోగ్రాములో అక్షరాన్ని గీతలుగా మార్చి, గుడి భాగం కోసి రంగు వేసుకోవచ్చు.

కొలిమి చెప్పే పాఠం

చీటీ మీద 'ఎరుపు' అని ఉంటుందన్నాను. నిజానికి అక్కడ ఉండేవి మూడు సంఖ్యలు.

తెర మీద ఒక్క చిన్న నీటి చుక్క పడేలా చూసి, ఆ చుక్కలోంచి తెల్లగా ఉన్న భాగాన్ని పరిశీలించండి. (చూసిన వెంటనే మెత్తటి గుడ్డతో తుడిచేయండి, పెద్దవాళ్ళ ఫోను మీద ఈ ప్రయోగం చేసి నా పేరు చెప్పకండి.) చుక్క భూతద్దంలా పనిచేస్తుంది. తెలుపన్నది అక్కడెక్కడా ఉండదు! ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల చిన్న చిన్న దీపాలు బారులు తీరి కనిపిస్తాయి. తెర మీద మనం చూసే రంగులన్నీ ఈ మూడింటి వంటకమే.

మూడే ఎందుకు? రంగును పసిగట్టే ఏర్పాటు మన కంట్లో మూడు రకాలుగా ఉండాలని 1802 నాటికే థామస్ యంగ్ ఊహించాడు. 1861లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఒక రంగుల రిబ్బను ముడిని ఎర్ర, పచ్చ, నీలి అద్దాల గుండా మూడుసార్లు ఫొటో తీయించి, ఆ మూడు బొమ్మలనూ అవే రంగుల వెలుగులతో తెర మీద ఒకదాని మీద ఒకటి పడేటట్లు చేసి చూపించాడు. రంగుల బొమ్మ వచ్చేసింది! విశాఖపట్నంలో చిన్నప్పుడు చదువుకున్న సి.వి. రామన్ కూడా ముసలితనంలో ఈ విషయం మీదే పనిచేసి, 1968లో చూపును గురించి ఒక పుస్తకం వెలువరించాడు. ఆయన మూడు రంగుల సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. రామన్ అంతటివాడు కాదన్నా సరే, పరిశోధనలు మాత్రం కంట్లో రంగును గుర్తించే కణాలు మూడు రకాలే అని తేల్చాయి. సైన్సులో పెద్దపేరు కన్నా ప్రయోగానిదే పై మాట.

ఒక్కొక్క దీపాన్నీ 0 నుంచి 255 దాకా ఎంత వెలుగులోనైనా ఉంచవచ్చు. 0 అంటే ఆరిపోయినట్టు, 255 అంటే నిండుగా వెలిగినట్టు. ఈ 255 అనే వింత సంఖ్య ఏమిటంటే, కంప్యూటరు 0, 1 అనే రెండంకెలతో లెక్క పెడుతుంది. అలాంటివి ఎనిమిది స్థానాలుంటే రెండును ఎనిమిదిసార్లు గుణించినన్ని, అంటే 256 మెట్లు వస్తాయి. 256ను 256తో, మళ్ళీ 256తో గుణించండి. 1,67,77,216. మీ నోటీసుకు కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగులు సిద్ధంగా ఉన్నాయన్నమాట!

ఈ మూడు సంఖ్యలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి విశాఖ ఉక్కు కర్మాగారాన్ని మించిన బడి లేదు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఈ కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. అక్కడ ఉక్కు దిమ్మెలను కొలిమిలో బాగా కాల్చి, రోలర్ల మధ్య నొక్కి, కడ్డీలుగా తీగలుగా సాగదీస్తారు. ఉక్కు వేడెక్కుతున్నకొద్దీ దాని రంగు మారుతుంది. సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అది మసక ఎరుపు. 800 దగ్గర మంచి ఎరుపు. 1000కి నారింజ రంగుకు తిరుగుతుంది. 1200 దాటితే పసుపు, ఇంకా పైకి పోతే తెలుపు.

ఉక్కు చేస్తున్నదేమిటి? తక్కువ వేడిలో కంటికందే వెలుగులో ఎరుపే ఎక్కువ. వేడి పెరిగేకొద్దీ దానికి ఆకుపచ్చ చేరుతుంది, ఆ పైన నీలం చేరుతుంది. మీరు తెర మీద ఇదే పని సంఖ్యలతో చేయవచ్చు. ఎరుపును 255 దగ్గర ఉంచి, మిగతావి 0 పెట్టండి: నిండు ఎరుపు. ఆకుపచ్చను 128కి పెంచండి: నారింజ. 255 చేయండి: పసుపు. ఇప్పుడు నీలాన్ని కూడా మెల్లగా 255కి తీసుకెళ్ళండి: తెలుపు. కొలిమిలోని ఉక్కు కూడా ఇంచుమించు ఈ దారినే నడుస్తుంది. ఒక సంగతి గమనించారా? తెరలో పసుపు దీపం లేనే లేదు. ఎర్ర దీపమూ పచ్చ దీపమూ కలిసి మన కంటిని 'ఇది పసుపు' అని నమ్మిస్తున్నాయి.

పచ్చ అంటే ఏ పచ్చ?

'ఇన్ని సంఖ్యలతో కుస్తీ ఎందుకు? రంగు పేరు చెబితే చాలదా?' అని మీరడగవచ్చు. చాలదు. మన భాషలో పచ్చ అనే మాటనే తీసుకోండి. పచ్చని పొలం అంటే ఆకుపచ్చ. పచ్చని మేని ఛాయ అంటే పసుపు. చీరల దుకాణంలో చిలకపచ్చ, మామిడి చిగురు, నెమలికంఠం, వంగపండు, ఇటుకరంగు అని ఎన్ని పేర్లయినా చెబుతారు, కానీ ఇద్దరు చెప్పే నెమలికంఠం ఒక్కటి కాదు. నా నెమలికంఠం 0, 95, 115. మీది కొంచెం వేరుగా ఉండవచ్చు. సంఖ్యలు రాసుకుంటే తగాదా ఉండదు. రేపు ఇంకో కంప్యూటరులో కూడా సరిగ్గా అదే రంగు అడగవచ్చు.

అడగడం ఎలాగంటారా? మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో మాటను ఎంచుకుని, హోమ్ అనే పట్టీలో ఫాంట్ కలర్ గుర్తు పక్కనున్న చిన్న బాణాన్ని నొక్కండి. మామూలు రంగుల గళ్ళు వస్తాయి. వాటి అడుగున మోర్ కలర్స్ అని ఉంటుంది, దానిలో కస్టమ్. అక్కడ ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు మూడు గళ్ళుంటాయి. డబ్బు పెట్టి కొనక్కర్లేని లిబ్రెఆఫీస్ రైటర్‌లో కూడా రంగుల జాబితా కింద కస్టమ్ కలర్ అనేదే ఉంటుంది. కొన్నిచోట్ల మూడు సంఖ్యలకు బదులు ఆరు స్థానాల సంకేతం ఒకటి కనిపిస్తుంది. భయపడకండి. అది పదహారు ఆధారంగా రాసిన లెక్క: తొమ్మిది తరవాత పదికి ఎ, పదకొండుకు బి, అలా పదిహేనుకు ఎఫ్. 255ను అందులో ఎఫ్ఎఫ్ అని రాస్తారు, ఎందుకంటే పదిహేను పదహార్లు, దానిపైన పదిహేను. 192 అంటే సి0, పన్నెండు పదహార్లు. కాబట్టి 192, 0, 0 అనే ముదురు ఎరుపు సి00000 అవుతుంది.

ప్రాజెక్టు పుస్తకంలో నలభై పేజీలుండి, ప్రతి శీర్షికా నీలంగా కావాలంటే ఒక్కొక్కదానికీ విడిగా రంగు వేయకండి. అన్నిటికీ హెడింగ్ అనే స్టైలు పెట్టి, ఆ స్టైలు రంగును ఒక్కసారి మార్చండి. శీర్షికలన్నీ కలిసి మారతాయి.

కంటికి ఆనుతుందా?

రంగు దొరికింది. చదవడానికి వస్తుందా? ఇది వేరే ప్రశ్న.

తెల్ల కాగితం మీద పసుపుకొమ్ముతో రాస్తే ఎంత కనబడుతుంది? తెర మీద 255, 255, 0 అంతే. తెల్లటి నేలకూ దానికీ వెలుగులో తేడా దాదాపు లేదు. వెబ్ ప్రమాణాలను తయారుచేసే అంతర్జాతీయ సంఘం 2008లో దీనికొక కొలత చెప్పింది. నేల వెలుగుకూ అక్షరం వెలుగుకూ ఉన్న నిష్పత్తిని లెక్కగడతారు. తెలుపు మీద నలుపుకు అది 21. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి. తెలుపు మీద పసుపుకు వచ్చేది 1.07 మాత్రమే! మెరిసే ఆకుపచ్చ, అంటే 0, 255, 0 కూడా తక్కువ తిన్నది కాదు, దానికి 1.4. అందరూ ఎంతో గట్టిగా కనిపిస్తుందనుకునే నిండు ఎరుపుకు కూడా 4 దగ్గరే ఆగుతుంది. దాన్నే 192కు తగ్గించి ముదురు చేస్తే 6.5కి పెరుగుతుంది. నీలానికి 8.6. మన పెళ్ళి శుభలేఖల్లో పసుపు మీద ఎరుపు ఉంటుంది చూడండి, అది 3.7. పెద్ద అక్షరాల పేర్లకు సరిపోతుంది. ముహూర్తం చిన్న అక్షరాల్లో వేస్తేనే తాతగారు కళ్ళజోడు వెతుక్కుంటారు.

రంగుల జాబితాలో పైన ఆటోమేటిక్ అనే మాట ఉంటుంది. అది నలుపుకు మారుపేరు కాదు. 'నేల లేతగా ఉంటే నల్లగా ఉండు, నేల ముదురుగా ఉంటే తెల్లగా మారు' అనే ఆజ్ఞ. గడికి ముదురు నీలం నింపి, అందులోని అక్షరాన్ని ఆటోమేటిక్‌లో ఉంచితే అదే తెల్లబడుతుంది. మీరు పట్టుబట్టి నలుపు సంఖ్య ఇచ్చి ఉంటే మాత్రం చీకట్లో నల్లపిల్లి అయిపోతుంది.

డాల్టన్ దాచమన్న కళ్ళు

ఇప్పుడు మన నోటీసు దగ్గరకు వద్దాం. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ పేరు మీ రసాయనశాస్త్రం పుస్తకంలో ఉంది. ఆయనకు ఎరుపూ ఆకుపచ్చా వేరువేరుగా కనిపించేవి కావు. తన కళ్ళు అందరి కళ్ళలాంటివి కావని గ్రహించి, 1794లో మాంచెస్టరులోని పండిత సభలో దీన్ని గురించి ఒక వ్యాసం చదివాడు. తన కంటిలోపలి ద్రవం నీలంగా ఉండటం వల్ల ఎర్ర వెలుగు లోపలికి రావడం లేదని ఆయన ఊహ. తాను పోయాక కళ్ళు కోసి పరీక్షించమని చెప్పాడు. 1844లో ఆయన చనిపోయాక వైద్యుడు పరీక్షించి చూశాడు. ద్రవం స్వచ్ఛంగా ఉంది! ఊహ తప్పింది. కానీ ఆ కళ్ళ భాగాలు పారేయకుండా దాచిపెట్టారు. నూటయాభై ఏళ్ళ తరవాత, 1995లో, వాటి నుంచి డిఎన్ఎ తీసి చూస్తే కారణం దొరికింది. మూడు రకాల కణాల్లో ఆకుపచ్చకు స్పందించే రకం పదార్థం ఆయనకు లేదు.

ఈ లోపాన్ని మోసే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లలకు ఎక్స్ ఒక్కటే కాబట్టి, అది చెడితే ఆదుకోవడానికి ఇంకోటి ఉండదు. అందుకే ఇది మగపిల్లల్లో ఎక్కువ. ఐరోపా జాతుల్లో పన్నెండుమంది మగవాళ్ళలో ఒకరికి, రెండువందలమంది స్త్రీలలో ఒకరికి ఉంటుంది. మన దేశంలో కొంత తక్కువే అయినా, ఒక పెద్ద హైస్కూల్లో ఇలాంటి పిల్లలు కొందరైనా ఉంటారు. వాళ్ళకు చూపు మసక కాదు, చదువులో వెనకబడరు. చాలామందికి తమకీ తేడా ఉందనే తెలియదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న లోకం అదే గదా! జపాను డాక్టరు ఇషిహరా 1917లో ప్రచురించిన చుక్కల బొమ్మల్లో అంకె కనిపించకపోతే అప్పుడు బయటపడుతుంది. ఓడ నడపబోయే అధికారులకు రంగుల చూపు పరీక్ష తప్పనిసరి.

మీ నోటీసు చదివే కుర్రాడు అలాంటివాడైతే? అతనికి అన్ని పేర్లూ ఒకే మట్టిరంగులో కనిపించవచ్చు. 'నాది ఏ రంగు?' అని నలుగురిలో అడగడానికి సిగ్గుపడతాడు. ఏదో ఒక బస్సెక్కుతాడు.

రేవు వాళ్ళు ఈ ప్రమాదాన్ని ముందే ఊహించారు. ఎర్ర బోయాకూ పచ్చ బోయాకూ రంగులోనే కాదు, ఆకారంలో కూడా తేడా ఉంటుంది. ఎర్రది డబ్బాలా పైన చదునుగా ఉంటుంది. పచ్చది శంకువులా పైన మొనదేలి ఉంటుంది. స్తంభంలాంటి బోయా అయితే దాని నెత్తిన ఈ ఆకారాలే గుర్తుగా పెడతారు. రంగు తెలియకపోయినా, ఎండకూ ఉప్పునీటికీ రంగు వెలిసిపోయినా, సూర్యుడు వెనక ఉండి అంతా నల్లగా కనిపించినా ఆకారం మారదు. ఇంత తేలికైన నియమం మీద కూడా ప్రపంచం ఒక్కటి కావడానికి చాలాకాలం పట్టింది. 1970ల మధ్య దాకా ముప్పైకి పైగా పద్ధతులు వాడుకలో ఉండేవి. 1980లో టోక్యోలో సమావేశమై అన్నిటినీ రెండింటికి కుదించారు. ఆ రెండూ ఒకదానికొకటి తలకిందులు: అమెరికా ఖండాల్లోనూ, జపాను, కొరియా, ఫిలిప్పీన్స్‌లోనూ రేవులోకి వచ్చే ఓడకు ఎర్ర బోయాలు కుడి వైపు ఉంటాయి!

ఉక్కు కర్మాగారాల వంటి చోట్ల గొట్టాలకు వేసే రంగులకు కూడా భారత ప్రమాణం ఉంది. నీటికి సముద్రపు పచ్చ, గాలికి ఆకాశనీలం, గ్యాసులకు పసుపు. అక్కడ కూడా ఒట్టి రంగుతో సరిపెట్టరు. దాని మీద వేరే రంగు పట్టీలు వేస్తారు.

కాబట్టి నోటీసులో ఎర్ర పేర్ల ముందు ఒక చదరం, పచ్చ పేర్ల ముందు ఒక త్రికోణం పెట్టండి. లేదా 'మొదటి బస్సు', 'రెండో బస్సు' అని రెండు శీర్షికల కింద విడివిడిగా రాయండి. ఆ పైన మీ ముచ్చట కొద్దీ రంగులు వేసుకోండి. ఎవరూ వద్దనరు.

ప్రింటరు దగ్గర ఇంకో మలుపు

తెర వెలుగును విసురుతుంది. కాగితం విసరదు, మీద పడిన వెలుగులో కొంత సిరా మింగేయగా మిగిలింది తిరిగొస్తుంది. అందుకే రంగుల ప్రింటరులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిరాలుండవు. సయాన్ అనే ఆకాశనీలం, మజెంటా అనే ముదురు గులాబి, పసుపు, వీటితోపాటు నలుపు ఉంటాయి. సయాన్ సిరా ఎరుపును మింగుతుంది, మజెంటా ఆకుపచ్చను, పసుపు సిరా నీలాన్ని. తెర మీద తళతళలాడిన ఆకుపచ్చ కాగితం మీద నీరసంగా వస్తే ప్రింటరును తిట్టకండి. అంత మెరుపు పుట్టించే శక్తి సిరాకు లేదు.

మన బళ్ళల్లో చాలావరకు ఉండేది నలుపు ప్రింటరే. అప్పుడేమవుతుంది? 1982లో మన దేశంలో రంగుల టెలివిజను ప్రసారాలు మొదలైనప్పుడు పాత నలుపు-తెలుపు సెట్లు మూలపడలేదు. ఒక చిన్న లెక్క వాటిని కాపాడింది: ఎరుపులో నూటికి 30 పాళ్ళు, ఆకుపచ్చలో 59, నీలంలో 11 తీసుకుని కలిపితే ఆ రంగు ఎంత వెలుగో వస్తుంది. ఆకుపచ్చకు ఎక్కువ పాలు ఎందుకంటే మన కన్ను దానికే ఎక్కువగా స్పందిస్తుంది. ఈ లెక్క మీ నోటీసుకు వేయండి. ఎర్ర పేర్ల రంగు 255, 0, 0. అందులో 30 పాళ్ళు అంటే సుమారు 76. పచ్చ పేర్లకు 0, 128, 0 అనే మామూలు ఆకుపచ్చ వాడారనుకుందాం. 128లో 59 పాళ్ళు సుమారు 76. రెండూ ఒకటే బూడిదరంగు! రంగుల చూపు నిక్షేపంగా ఉన్నవాళ్ళకు కూడా ఆ జిరాక్సు కాగితం మీద ఏ పేరు ఏ బస్సుదో తెలియదు.

మీ కంప్యూటరులో ఈ ప్రయోగం చేసి చూడండి. మీ స్నేహితుల పేర్లు పది తీసుకుని, సగం 255, 0, 0లోను, సగం 0, 128, 0లోను వేసి, నలుపులో ప్రింటు తీయండి. రెండో కాగితం మీద ఎరుపును 192, 0, 0గాను, ఆకుపచ్చను 0, 128, 0గాను ఉంచి, ముందు చదరాలూ త్రికోణాలూ చేర్చి ప్రింటు తీయండి. రెంటినీ పక్కపక్కన గోడకు అంటించి, నాలుగు గజాల దూరంలో నిలబడి, ఎవరు ఏ బస్సో మీ తమ్ముణ్ణి చెప్పమనండి.